డిటెక్టర్ మోగింది, నల్లరాయి దొరికింది: అదేమిటో తేల్చుకోవడం ఎలా?

మెటల్ డిటెక్టర్ పట్టుకుని కొత్తపట్నం ఇసుకలోనో, కనిగిరి మెట్టచేలలోనో తిరిగేవాళ్ళకు పాత నాణెం కన్నా ముందు చేతికొచ్చేది ఒక బరువైన నల్లరాయి. పైన తుప్పు, ఏదో ఒక మూల మెరుపు, అయస్కాంతం చూపిస్తే టక్కున పట్టుకుంటుంది. ఇంటికి చేరేలోపు అది ఉల్క అవుతుంది, వాట్సాప్ గ్రూపులో పెడితే సాయంత్రానికి ఇరిడియం అనే ఖరీదైన లోహం అవుతుంది. నెల్లూరు, ప్రకాశం నేలల్లో ఇలాంటిది చాలావరకు మూడింటిలో ఒకటి: ఇనుప చిట్టెం (ఇనుము కరిగించగా మిగిలిన మడ్డి), మాగ్నటైటు అనే ఇనుప ఖనిజం ఉన్న రాయి, లేదంటే ఏదో యంత్రం తాలూకు తుక్కు. నూటికో కోటికో నిజంగా విశేషమైన రాయి తగలదని కాదు. తగిలినప్పుడు దాన్ని పాడుచేసుకోకుండా, తగలనప్పుడు నెలల తరబడి భ్రమలో ఉండకుండా తేల్చుకోవడానికి ఇంట్లో సామాను చాలు. పాటించాల్సింది వరస. రాయికి ఏమీ కాని పరీక్షలు ముందు, గీకేవీ రుద్దేవీ తరవాత, రసాయనాలు అన్నిటికన్నా చివర.

గుంటలో ఉండగానే

మొదటి పరీక్ష డిటెక్టరే. మనవాళ్ళ దగ్గర ఉండేవి ఎక్కువగా వీఎల్ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ) రకం మిషన్లు. అవి గట్టి లోహాన్నీ పట్టుకుంటాయి, చుట్టూ ఉన్న మట్టి కన్నా అయస్కాంత గుణం ఎక్కువున్న రాయినీ పట్టుకుంటాయి. ఈ రెండో రకాన్ని హాట్ రాక్ అంటారు. మాగ్నటైటు ఎక్కువగా ఉన్న రాయి దీనికి సరైన ఉదాహరణ.

రాయి మోగిన చోట కాయిల్‌ను, అంటే మిషన్ కింది చక్రాన్ని, ఊపుతూ మెల్లగా పైకెత్తండి. హాట్ రాక్ సౌండు కాస్త ఎత్తగానే పడిపోతుంది, తెరమీద వస్తువు రకం సూచించే ఐడీ నంబరు ఒక్కో ఊపుకు ఒక్కో రకంగా మారుతుంది. అదే సైజు ఇనుప ముక్కయితే ఇంకా పైనుంచి కూడా నిలకడగా మోగుతుంది. ఇంతకన్నా నమ్మదగిన పద్ధతి ఇంకొకటుంది. రాయిని బయటికి తీసి, లోహం లేని శుభ్రమైన నేల మీద పెట్టి, గ్రౌండ్ బ్యాలెన్స్‌ను (మట్టి వల్ల వచ్చే మోతను అణచే సెట్టింగును) మాన్యువల్‌లోకి మార్చి, ఆ రాయి మీదనే కాయిల్‌ను పైకీ కిందికీ ఆడిస్తూ బ్యాలెన్స్ చేయండి. రాయి మీద మిషన్ నోరు మూయించగలిగితే అది ఖనిజం. ఎంత తిప్పినా మోగుతూనే ఉంటే లోపల అసలు లోహం ఉంది. ఆటోమేటిక్ బ్యాలెన్స్ మాత్రమే ఉన్న చౌకరకం మిషన్లలో ఈ పరీక్ష కుదరదు.

ఇంకో మాట. రాయి తీశాక ఖాళీ గుంట మీద కాయిల్ మళ్ళీ తిప్పండి. గుంట ఇంకా మోగుతోందంటే మోగింది మీ చేతిలోని రాయి కాకపోవచ్చు, దాని కింద ఉన్న మేకు కావచ్చు. తీరంలో అయితే ఇంకాస్త చికాకు. మైపాడు వంటి చోట్ల అల వెనక్కి పోయాక ఒడ్డున మిగిలే నల్ల ఇసుకలో ఇల్మనైటు అనే టైటానియం ఖనిజంతో పాటు మాగ్నటైటు కూడా ఉంటుంది, దానికి తోడు ఉప్పునీటి తడి. సెన్సిటివిటీ తగ్గించకుండా వెతికితే ప్రతి అడుగూ మోగుతుంది.

కడగడం

నీళ్ళు, పాత టూత్‌బ్రష్, ఎండ. అంతకుమించి వద్దు. బాత్రూమ్ కడిగే యాసిడ్‌లో ముంచి తుప్పు వదిలించే అలవాటు కొందరికి ఉంది. ఉల్క అయితే దాని పైపొర అక్కడితో పోతుంది, ఆ పొరే కదా గుర్తు. గెలీనా (సీసపు ఖనిజం) వంటి సల్ఫైడు ఖనిజమైతే కుళ్ళిన గుడ్డు వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. మూసిన గదిలో ఆ గ్యాసు ప్రాణం మీదికి తెస్తుంది. వాసన తెలియడం ఆగిపోయిందంటే గ్యాసు పోయిందనుకోవద్దు, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన పట్టదు. పొయ్యి మీద కాల్చి చూడడం కూడా ఇలాంటిదే. ఇనుము, గంధకం కలిసిన పైరైటు కాలితే గంధకపు పొగ, అందులో ఆర్సెనిక్ కలిసి ఉంటే ఇంకా చెడ్డది.

అయస్కాంతం చెప్పేది కొంతే

పాత స్పీకరులోని నల్ల అయస్కాంతం ముక్కను దారానికి కట్టి వేలాడదీసి, రాయికి దగ్గరగా తీసుకురండి. దారం ఎంత ఒరిగిందో చూడండి. చిన్న నియోడిమియం అయస్కాంతాలు బలమైనవి, కాని వాటితో రెండు ఇబ్బందులు. ఇల్మనైటు, గార్నెట్ వంటి బలహీనమైనవి కూడా దానికి స్పందిస్తాయి, దాంతో అన్నీ ఇనుములాగే కనిపిస్తాయి. పైగా రాయి నిజంగా ఉల్క అయితే, దానిలో దాగిన పాత అయస్కాంత ముద్రను బలమైన అయస్కాంతం తుడిచేస్తుంది. పరిశోధకులకు పనికొచ్చేది ఆ ముద్ర. అందుకని మొదట బలహీనమైనది, అదీ తాకించకుండా.

బలంగా లాగితే ఇనుము, ఉక్కు, మాగ్నటైటు, లోహపు బిందువులున్న చిట్టెం, ఉల్కల్లో చాలావరకు. ఏమాత్రం లాగకపోతే గెలీనా, పైరైటు, సీసం, అల్యూమినియం. ఎర్ర హెమటైటు కూడా దాదాపు లాగదు, మాగ్నటైటు కలిసి ఉంటే లాగుతుంది. "అయస్కాంతానికి అంటుకుంది కాబట్టి ఉల్క" అనే వాదన ఇక్కడికే తేలిపోతుంది. ఒంగోలు పక్కన కొణిజేడు, మర్లపాడు కొండల్లో ఉన్న ఇనుప ఖనిజం మాగ్నటైటు, పలుగురాయి చారలు చారలుగా కలిసినదే. ఆ చుట్టుపక్కల గ్రావెల్ తోలిన రోడ్డు మీద ఏ రాయి తీసినా అంటుకునే అవకాశం ఉంది.

సాంద్రత: అన్నిటికన్నా ఎక్కువ చెప్పే పరీక్ష

ఒక్క పరీక్షే చేయగల ఓపిక ఉందంటే ఇది చేయండి. కావలసింది వంటింటి డిజిటల్ త్రాసు, రాయి మునిగే గిన్నె, సన్నటి నైలాన్ దారం.

ముందు పొడి రాయిని తూచి రాసుకోండి. గిన్నెలో ముప్పాతిక వంతు నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి, టేర్ నొక్కి సున్నా చేయండి. ఇప్పుడు రాయిని దారంతో వేలాడదీసి, గిన్నె అడుగునూ పక్కలనూ తాకకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. త్రాసు ఒక అంకె చూపిస్తుంది. అది రాయి తోసిన నీటి బరువు, అంటే గ్రాముల్లో ఎంత చూపిస్తే అన్ని ఘన సెంటీమీటర్లు రాయి పరిమాణం. పొడి బరువును ఈ అంకెతో భాగించండి. పొడిగా 412.6 గ్రాములు, ముంచినప్పుడు 84.2 చూపించిందనుకుందాం. 412.6ను 84.2తో భాగిస్తే 4.9. స్వచ్ఛమైన మాగ్నటైటు 5.2, పలుగురాయి 2.65. కాబట్టి ఈ 4.9, కొంచెం పలుగురాయి కలిసిన మాగ్నటైటుకు సరిపోతుంది. సగం సగం కలిసిన రాయి అయితే 3.9 దగ్గరికి దిగుతుంది.

తప్పులు వచ్చే చోట్లు ఇవి. రాయి అడుగున తాకితే త్రాసు మీద రాయి బరువు కూడా పడి అంకె పెరుగుతుంది, సాంద్రత తగ్గినట్టు కనిపిస్తుంది. బొరియల్లో గాలిబుడగలు ఉండిపోయినా అదే జరుగుతుంది. ముంచాక రాయిని రెండు మూడుసార్లు కుదిపి, బ్రష్‌తో బుడగలు వదిలించండి. అంకె నిలవకుండా మెల్లగా తగ్గుతూ పోతోందంటే రాయి నీళ్ళు పీలుస్తోందన్నమాట. అలాంటిదాన్ని క్లింగ్ ఫిల్మ్‌తో బిగించి చుట్టి మళ్ళీ చేయండి.

త్రాసు కచ్చితత్వం కూడా చూసుకోవాలి. 1 గ్రాము మెట్టులో చూపే వంటింటి త్రాసుతో 20 గ్రాముల రాయిని కొలిస్తే ఫలితం చెత్తబుట్టకే. ఆ రాయి పరిమాణం 4 ఘన సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే, 1 గ్రాము తేడా అంటే 25 శాతం తప్పు. 300 గ్రాములు దాటిన రాళ్ళకు ఆ త్రాసు సరిపోతుంది. చిన్నవాటికి కంసాలి వాడే 0.01 గ్రాము త్రాసు కావాలి.

అంకెను ఇలా చదువుకోండి. 2.6 నుంచి 2.8 అయితే మామూలు రాయి, లేదా అల్యూమినియం. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ 3 దగ్గర ఉంటుంది. ఆ నల్లరాయిలో బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైటు పలకలు, వాటిలో బంగారం లేదు, క్వారీ తుక్కు ఏరుకొచ్చి దాచుకునేవాళ్ళు గమనించాలి. నల్ల టోర్మలిన్ కూడా 3 పైచిలుకే. చిట్టెం 3 నుంచి 4, లోపలి బుడగలను బట్టి ఇంకా తక్కువా ఉండొచ్చు. రాతి ఉల్క 3.2 నుంచి 3.8 మధ్యకు వస్తుంది. చూశారుగా, చిట్టెమూ ఉల్కా ఇక్కడ ఒకే గడిలో కూర్చున్నాయి. గార్నెట్, చాల్కోపైరైటు 4.2 చుట్టూ. ముగ్గురాయి 4.5, మెరవదు, మోగదు, కాని చేతిలో పట్టుకుంటే బరువుకు ఆశ్చర్యపోతారు. ఇల్మనైటు 4.7, పైరైటు 5, మాగ్నటైటు, హెమటైటు 5.2 దగ్గర. పోత ఇనుము 7.2, గెలీనా 7.5, ఉక్కూ ఇనుప ఉల్కా 7.8 చుట్టూ. 11.3 వస్తే అది సీసం. తీరంలో దొరికే బూడిదరంగు ముద్దల్లో చాలా భాగం వలలకు కట్టే సీసపు గుళ్ళు అరిగినవే.

గీత రంగు

గరుకు పింగాణీ మీద రాయిని గీస్తే పడే పొడి రంగు, రాయి పైరంగు కన్నా నమ్మదగింది. బాత్రూమ్ టైలు వెనకవైపు మెరుగు లేని భాగం చాలు, తెల్లగా ఉన్నది ఎంచుకోండి. మాగ్నటైటుకు నల్లగీత. హెమటైటు పైకి నల్లగా వెండిలా మెరిసినా గీత ఎండిన నెత్తురు రంగు. తుప్పు ఖనిజం లిమోనైటుకు పసుపు గోధుమరంగు. పైరైటు పైకి ఇత్తడిలా ఉన్నా గీత ఆకుపచ్చ ఛాయ ఉన్న నలుపు. గెలీనాకు సీసపు బూడిద. లోహపు ముక్క గీస్తే పొడి పడదు, పెన్సిల్ గీతలాంటి మెరిసే చార పడుతుంది.

తుప్పు పట్టిన పైపొరను గీస్తే ఏ రాయైనా పసుపే చూపిస్తుంది. అందుకని మూల కొంచెం చిదిమి, లోపలి తాజా భాగంతో గీయండి. చిదిమేటప్పుడు రాయిని గోనెగుడ్డలో చుట్టి కొట్టాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. టైలు కన్నా గట్టి రాయి గీత పడనివ్వకుండా టైలునే కోస్తుంది, దాన్ని తెల్లగీత అని పొరబడవద్దు.

కిటికీ తెరవడం, మైలుతుత్తం చుక్క

ఇప్పటికి సగం రాళ్ళు తేలిపోయి ఉంటాయి. మిగిలినవి బరువుగా ఉండి, అయస్కాంతానికి లాగుతూ, నల్లగా ఉండేవి. వీటికి లోపల చూడాలి. రాయికి పనికిరాని ఒక మూల ఎంచుకుని, ఆకురాయితో సెంటీమీటరు మేర చదును చేయండి. తరవాత 220 నంబరు నీటి ఎమ్రీ పేపరు, ఆపైన 400, 800. ప్రతి దశలో నీళ్ళు పోస్తూ రుద్దాలి. గ్రైండరు పెడితే వేడికి లోహం రంగు మారుతుంది, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గెలీనా అని అనుమానం ఉన్న రాయిని అసలు రుద్దవద్దు, అది సీసపు దుమ్ము.

చదునైన ముఖాన్ని పదింతలు చూపే భూతద్దంతో (లూప్), ఎండలో, కాస్త ఏటవాలుగా పట్టి చూడండి. తెల్లగా మెరిసే చుక్కలు కనిపించాయనుకోండి. అవి లోహమా, బాగా నునుపెక్కిన మాగ్నటైటా? కంటికి రెండూ మోసం చేస్తాయి. గుండుసూదితో ఒక చుక్కను గీకండి. లోహం అయితే గాడి పడుతుంది, గాడి లోపల ఇంకా మెరుస్తుంది. మాగ్నటైటు అయితే నల్లపొడి రాలుతుంది.

దీనికన్నా తేలికైన రుజువు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్). పురుగుమందుల కొట్లో పావుకిలో కొంటే ఏళ్ళ తరబడి వస్తుంది. 50 మిల్లీలీటర్ల నీళ్ళలో 5 గ్రాములు, అంటే టీ చెంచాడు, వేసి కరిగేదాకా కలపండి, నీలిరంగు నీళ్ళు తయారవుతాయి. అప్పుడే రుద్దిన ముఖం మీద ఒక చుక్క వేసి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. తుడిచి చూస్తే, ఇనుము ఉన్నచోట కొత్త రాగి పైసా రంగు పూత పట్టి ఉంటుంది. ఇనుము కరిగి, ద్రావణంలోని రాగి దాని స్థానంలో కూర్చుంటుంది. మాగ్నటైటు, హెమటైటు, ఇల్మనైటు మీద ఏమీ పట్టదు, ఎందుకంటే వాటిలోని ఇనుము అప్పటికే ఆక్సిజన్‌తో కట్టుబడి ఉంది. ముఖం రుద్ది గంటలు గడిస్తే లోహం మీద కంటికి కనిపించని పొర ఏర్పడి పూత పట్టకపోవచ్చు, మళ్ళీ రుద్ది వేయండి. మైలుతుత్తం విషం. పిల్లలకు అందకుండా పెట్టి, చేతులు కడుక్కోండి, వంటపాత్రలు వాడవద్దు.

పూత ఎలాంటి ఆకారంలో పట్టిందన్నది అసలు సంగతి. ముఖమంతా ఏకంగా ఎర్రబడితే గట్టి ఇనుము లేదా ఉక్కు. గుండ్రటి బిందువులు, చుట్టూ గాజులాంటి నల్లపదార్థం, పక్కన బుడగల గుంటలు కనిపిస్తే చిట్టెం. కరిగిన చిట్టెంలో ఇనుము ముత్యాల్లా ముద్దకడుతుంది. వంకరటింకర అంచులతో, పొడిచల్లినట్టు ముఖమంతా సమంగా పరుచుకున్న సన్నటి చుక్కలు కనిపిస్తే మాత్రం ఆగండి. ఇక ఏ పరీక్షా తొందరపడి చేయవద్దు, అది రాతి ఉల్క లక్షణం.

చిట్టెం గురించి కాస్త ఎక్కువగా

ఎందుకంటే దొరికేదాంట్లో ఇదే ఎక్కువ. ఊరి చివర పాత కొలిమి ఉన్న చోట, ఒకప్పటి ఇనుప బట్టీల దిబ్బల మీద, బూడిదగుట్టల్లో చిట్టెం కుప్పలుగా ఉంటుంది. ఒకవైపు కరిగి పారిన మడతలు, ఇంకోవైపు మట్టి లేదా బొగ్గు ముద్ర, పగలగొడితే లోపల బుడగలు. బుడగలు కనిపించగానే ఉల్క ఆశ వదిలేయవచ్చు, భూమ్మీద దొరికే ఉల్కల్లో బుడగలు దాదాపు ఉండవు. ఉల్క కరిగేది పైన మిల్లీమీటరు మందం కూడా లేని పొరలో, లోపలిదంతా చల్లగానే ఉంటుంది. గరిమెనపెంట వైపు పాత రాగి గనులు ఉన్న నేలలో దొరికే చిట్టెం మీద ఆకుపచ్చ మరకలు ఉంటే అది రాగిది కావచ్చు, మైలుతుత్తం పరీక్ష అక్కడ తికమక పెడుతుంది.

ప్రకాశం జిల్లాలో ఇంకో రకం మోసగాడు ఉన్నాడు. గ్రానైట్ ఫ్యాక్టరీల్లో స్టీల్ గ్రిట్, సున్నం కలిపి గ్యాంగ్‌సా అనే పెద్ద రంపంతో దిమ్మెలు కోస్తారు. ఆ బురదను తెచ్చి పోసిన చోట ఎండి, తుప్పు పట్టి, రాయిలా గట్టిపడుతుంది. బరువు, అయస్కాంతం, డిటెక్టరు మోత, రుద్దితే లోహపు చుక్కలు, అన్నీ ఉంటాయి. పైన చెప్పిన "ఆగండి" లక్షణానికి దగ్గరగా కూడా వస్తుంది. తేడా ఏమిటంటే గ్రిట్ గింజలు మూలలున్న ఉక్కు ముక్కలు, వాటి మధ్య ఉన్నది గోరుతో గీకితే రాలే పిండి. ఒక చుక్క వెనిగర్ వేస్తే సున్నం ఉన్నచోట నురగ వస్తుంది. తీరంలో అయితే రొయ్యల చెరువుల ఏరేటర్ల తుక్కు, ఫౌండ్రీల దగ్గర ఫెర్రోసిలికాన్ (ఇనుము, సిలికాన్ కలిపిన మిశ్రలోహం). చివరిది వెండిలా ధగధగమంటుంది, సుత్తి వేస్తే గాజులా పగులుతుంది, చూపుకు ఉన్నంత బరువు ఉండదు.

అబ్రకం గనుల వైపు

సైదాపురం, గూడూరు చుట్టూ పాత అబ్రకం గనుల తుక్కుదిబ్బల మీద డిటెక్టర్ పెద్దగా మోగదు, కాని వెతికేవాళ్ళ కళ్ళు నల్లగా మెరిసే గడ్డల మీద పడతాయి. పొడుగు చారలున్న తేలికైనవి టోర్మలిన్. సాంద్రత 5 దాటిన నల్లగడ్డ, గీత ముదురు గోధుమ, అయస్కాంతానికి అంతంతమాత్రం అయితే నయోబియం, టాంటలం లోహాల ఖనిజాలైన కొలంబైటు, టాంటలైటు జాతి కావచ్చు. సాంద్రత 6, 7 వైపు పోతున్నకొద్దీ టాంటలం వాటా ఎక్కువ. గాజులా వంపులు తిరిగి పగిలే, మీద గోధుమరంగు పొర ఉన్న నిగనిగ నలుపు గడ్డ సమర్‌స్కైటు కావచ్చు. నెల్లూరు అబ్రకపు నేలల్లో అది దొరికినట్టు ఎప్పటినుంచో రికార్డు ఉంది. అందులో యురేనియం ఉంటుంది, రేడియోధార్మికత ఉంటుంది. రుద్దడం, పొడి చేయడం, పడకగదిలో పెట్టుకోవడం చేయవద్దు. మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఇంటి మనుషులు మసలని చోట ఉంచి, హైదరాబాద్ బేగంపేటలోని అణుఖనిజాల డైరెక్టరేట్‌కు రాయండి.

మార్కాపురం పలకరాయిలో కనిపించే ఇత్తడిరంగు ఘనాలు పైరైటు. గాలి తగిలి తుప్పుగా మారాక కూడా ఘనాకారం అలాగే నిలుస్తుంది, దాంతో ఎవరో చెక్కిన పాచికలని అనుకుంటారు.

ఉల్కే అనిపిస్తే

ఈ నేలకు ఉల్కలు కొత్త కాదు. 1852లో నెల్లూరు ప్రాంతంలో పడిన ఒక రాతి ఉల్క ప్రపంచ ఉల్కల జాబితాలో యాటూరు పేరుతో ఉంది. పడుతుండగా చూసి ఏరినవాటిలో పూర్తి ఇనుపవి 5 శాతం దగ్గరే, మిగతావి చాలావరకు రాతివి. చూడాల్సినవి: పలచటి మసినలుపు పైపొర, మెత్తటి మట్టిని బొటనవేలితో నొక్కినట్టున్న పల్లాలు, లోపల లేతబూడిద రంగులో సన్నటి గుండ్రటి గింజలు, సమంగా చల్లిన లోహపు చుక్కలు. మన తేమకు, వానలకు పైపొర త్వరగా గోధుమరంగుకు తిరుగుతుంది, కాబట్టి పాతది నల్లగా ఉండాలని లేదు.

ఉల్కలోని ఇనుములో నికెల్ తప్పకుండా ఉంటుంది, ఇనుప ఉల్కలో సాధారణంగా 5 శాతానికి పైనే. దీనికి డైమిథైల్ గ్లైఆక్సిమ్ పరీక్ష ఉంది. ల్యాబు సామాను అమ్మే షాపులో పొడి దొరుకుతుంది, 1 గ్రామును 100 మిల్లీలీటర్ల స్పిరిట్‌లో కరిగించుకోవాలి. రుద్దిన ముఖం మీద రెండు చుక్కల వెనిగర్, ఒక చుక్క 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి, దూదిపుల్లతో రెండు నిమిషాలు రుద్దండి. ఆ పుల్లకు చిటికెడు నిమ్మ ఉప్పు అద్ది, అమోనియా వాసన నిలిచేదాకా అమోనియా చుక్కలు వేసి, చివర గ్లైఆక్సిమ్ ద్రావణం ఒక చుక్క. గులాబీ ఎరుపు వస్తే నికెల్ ఉంది. నిమ్మ ఉప్పు మరిచిపోతే ఇనుము తుప్పురంగు మడ్డిగా విరిగి గులాబీని మింగేస్తుంది, చాలామందికి పరీక్ష పోయేది ఇక్కడే. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రాపు కూడా గులాబీ ఇస్తుంది కాబట్టి, నికెల్ లేకపోతే ఉల్క ఆలోచన మానేయవచ్చు గానీ ఉన్నంత మాత్రాన ఉల్క అని ముద్ర వేయలేం.

దేశంలో పడిన ఉల్కల సంరక్షణ బాధ్యత జీఎస్ఐ (భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ)ది, కోల్‌కతాలో ఉంటుంది. దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలో ఉంది. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం జియాలజీ విభాగం మనకు దగ్గర. పంపేముందు స్కేలు పక్కన పెట్టి నాలుగువైపులా ఫొటోలు, రుద్దిన ముఖం దగ్గరి ఫొటో, దొరికిన చోటు జీపీఎస్, లోతు, సాంద్రత, గీతరంగు, మైలుతుత్తం ఫలితం రాసి ముందు మెయిల్ పెట్టండి. "ఉల్క దొరికింది, రేటెంత" అని ఒక్క మసక ఫొటోతో వచ్చే మెయిళ్ళకు ఎవరూ జవాబివ్వరు, ఇవ్వకపోవడం న్యాయమే. ఉల్కగా నమోదు కావాలంటే 20 గ్రాములు లేదా మొత్తం బరువులో 20 శాతం, ఏది తక్కువైతే అది, ఒక సంస్థలో ఉంచాలన్నది అంతర్జాతీయ నియమం.

కొంటామని వచ్చేవాళ్ళు

హాల్‌మార్కింగ్ సెంటర్లో ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేతో లోహాలు లెక్కించే) మిషన్ కింద పెట్టించి, "ఇరిడియం 4 శాతం" అని చీటీ తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. ఆ మిషన్ నగల కోసం సెట్ చేసింది. ఆక్సిజన్ దానికి కనిపించదు, కనిపించిన కాసిని లోహాలనే లెక్కగట్టి 100 చేస్తుంది, దాంతో లేని లోహాలు కూడా అంకెల్లోకి ఎక్కుతాయి. రాళ్ళ సెట్టింగు ఉన్న ల్యాబులో చేయిస్తేనే ఆ చీటీకి విలువ.

రైస్ పుల్లింగ్ పేరుతో జరిగేది ఇంకా ముతక మోసం. ఇనుప పొడి పట్టించిన బియ్యం, దాచిన అయస్కాంతం, టెస్టింగుకు సైంటిస్టు వస్తాడని ముందుగా వసూలు చేసే లక్షలు. బియ్యాన్ని లాగే లోహం ప్రకృతిలో లేదు. రాయికి ముందస్తు డబ్బు అడిగినవాడు ఎవడైనా సరే, ఫోను పెట్టేయండి.

చట్టం వైపు కూడా చూసుకోవాలి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాచిన 10 రూపాయలకు మించిన విలువైన వస్తువు ఏది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. సహజమైన రాయి దాని కిందికి రాదు, కాని అదే గుంటలో నాణేలో విగ్రహమో బయటపడితే వస్తుంది. కోటల్లో, రక్షిత కట్టడాల దగ్గర తవ్వడం 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద నేరం. గుప్తనిధుల కేసులు మన మెట్టప్రాంతాల్లో మామూలే కాబట్టి, పొలం గలవాళ్ళ అనుమతి లేకుండా చీకటిపడ్డాక డిటెక్టర్‌తో కనిపిస్తే రాళ్ళ కోసం వచ్చామన్న మాట స్టేషన్లో నిలవదు. పగలే వెళ్ళండి, పొలం యజమానికి ముందే చెప్పండి, తీసిన గుంట పూడ్చి రండి.